సుద్దగట్టులో ‘వస్తా’ అన్న ఓట్లు

మొదటి రోజు

ఫలితం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ పుస్తకంలో ఫలితాలు రాస్తున్నాను. గెలిచినవాడు మెడలో దండతో నా ఎదురుగా కూర్చుంటే రాశాను, ఓడినవాడు నా బల్ల మీద గుద్దుతుంటే రాశాను. కోపంతో రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పెన్ను కాగితంలోకి దిగబడుతోంది. అక్షరాలు వంకరగా పడితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

సుద్దగట్టు నియోజకవర్గం, సంఖ్య 61. ఏడు కొట్టాలు, అంటే ఏడు చిన్న పల్లెలు. ఓటర్లు 5,218 మంది. అడిగిన ప్రశ్న: సుద్దగట్టును నియోజకవర్గాల జాబితాలోంచి తీసేసి మిమ్మల్ని స్తంభనగరానికి మారిస్తే వస్తారా? ‘వస్తా’ అన్నవాళ్ళు 4,112. ‘రాను’ అన్నవాళ్ళు 209. ఏమీ అననివాళ్ళు 897.

నేటికి నలభయ్యో రోజున నీళ్ళ డిపోకి తాళం వేస్తారు. ఆలోపు కొట్టాలన్నీ ఖాళీ కావాలి.

డిపో అరుగు మీద నిలబడి చదివి వినిపించాను. ఎవరూ నమ్మలేదు. అసలు ఓటింగు ఎప్పుడు జరిగిందని నన్నే అడిగారు. నాకూ తెలియదు. పోయిన నెల ఎనిమిది, తొమ్మిది, పది తేదీల్లో జరిగినట్టు కాగితంలో ఉంది. దండోరా లేదు, నోటీసు లేదు. ఓట్లు పెట్టెలో వేయడం మానేసి పదకొండేళ్ళయింది, ఇప్పుడన్నీ మాట ఓట్లే. డిపో గోడలో ఒక యంత్రం ఉంది, చెవులమ్మ అంటాం. దాని ముందున్న రేకు మీద నిలబడి పేరు చెబితే గొంతు పోల్చుకుని నీళ్ళు వదులుతుంది. ఎన్నికలప్పుడు అదే ప్రశ్న అడుగుతుంది, మనం చెప్పే మాటే ఓటు. ఆ మూడు రోజులూ నేను కూడా పోయి నీళ్ళు తెచ్చుకున్నాను. ఓటు వేసిన గుర్తు మాత్రం లేదు.

"నేనైతే అన్లేదప్పా," అన్నాడు చౌడప్ప మామ. డిపోలో మోటరు వేసేదీ ఆపేదీ ఆయనే, డెబ్భై దాటాయి.

"నేనూ అన్లేదక్కా, మా బిడ్డల మీద ఒట్టు," అంది దస్తగిరమ్మ. వంకకింద కొట్టాల మనిషి, నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు.

అరుగు చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే పాట పాడారు. మరి ఆ నాలుగు వేల నూట పన్నెండు మంది ఎవరు, ఆకాశంలోంచి ఊడిపడ్డారా? నా ఒళ్ళు మండిపోయింది. స్తంభనగరం మేడల్లో మీట నొక్కితే నీళ్ళొస్తాయంటే ఆశపడ్డారు, ఇప్పుడు నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గేసి బుకాయిస్తున్నారు అని నోటికొచ్చినట్టు తిట్టాను. అందరూ బిందెలెత్తుకుని ఇళ్ళకు పోయారు.

మూడో రోజు

ప్రాంతీయ ఎన్నికల అధికారి నుంచి ఉత్తరువు. ఆయన పేరు విశ్వంభర్, స్తంభనగరంలో యాభయ్యో అంతస్తులో ఉంటాడు, గొంతు తప్ప మనిషిని చూడలేదు. సుద్దగట్టు నియోజకవర్గ చరిత్రా, ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలూ కలిపి రెండు పేజీలకు కుదించి, చివర సంతకం చేసి పంపాలట. ‘అనవసర వివరాలు వద్దు’ అని కింద గీత గీసి మరీ రాశాడు.

రెండు పేజీలు. మనిషి చనిపోతే కర్మకాండ కాగితం కూడా అంతకంటే పొడుగ్గా ఉంటుంది.

సరే, రాద్దామనే కూర్చున్నాను. మొదటి ఎన్నిక: సున్నపుబట్టీ గోవిందన్నకు 1,306, బావికాడ తిప్పక్కకు 1,303. మూడంటే మూడు ఓట్ల తేడా. తిప్పక్క మూడుసార్లు మళ్ళీ లెక్కపెట్టించింది, మూడుసార్లూ అదే మూడు. అప్పటినుంచే ఒక కట్టుబాటు వచ్చింది. ఈ పుస్తకంలో రాయసం చేసేవాళ్ళ, అంటే లెక్కలు రాసే నాలాంటివాళ్ళ, సంతకం పడేదాకా సుద్దగట్టులో ఏ ఫలితమూ ఫలితం కాదు. ఓడిపోయిన మర్నాడు తిప్పక్క గోవిందన్నతో కలిసి పారపట్టి డిపో బోరుకి గుంత తవ్వింది. ఇప్పుడు స్తంభనగరం కన్నేసింది ఆ బోరు మీదే. మనుషుల్ని తీసేస్తే నీళ్ళు మిగులుతాయి కదా.

మూడో ఎన్నిక ఏకగ్రీవం. ఊరంతా ఒక్కమాట మీద ఉందని కాదు. రెండో అభ్యర్థి నామినేషన్ కాగితాలు నెత్తిన పెట్టుకుని పొంగిన వంకకి, అంటే వాగుకి, అవతలి గట్టున నీళ్ళు తగ్గేదాకా నిలబడ్డాడు, తగ్గేసరికి గడువు అయిపోయింది.

నాలుగో ఎన్నిక. ఇది రాస్తే ఒక పేజీ దీనికే సరిపోతుంది. కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా మూలలకు పసుపు పెట్టడం మన ఆడవాళ్ళ అలవాటు. ఆ ఏడు ఓటు కాగితం కొత్తగా అచ్చయి వచ్చింది. 418 మంది ఆడవాళ్ళు ముద్ర సరిగ్గా వేసి, నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ పెట్టెలో వేశారు. గుర్తులున్నాయని అధికారులు ఆ ఓట్లన్నీ చెల్లవన్నారు. కొట్టాలు ఏడూ కదిలి జిల్లా సభకి నడిచాయి. సభ తీర్పిచ్చింది: ఓటరు ఏమనుకుని ఆ పని చేశాడో ఊరి వాడుకను బట్టి చూడాలి, యంత్రాంగం వాడుకను బట్టి కాదు. ఆ ఓట్లు కలిపి లెక్కిస్తే ఓడిపోయిన చెంబు గుర్తు 211 ఓట్లతో గెలిచింది.

పసుపు, వంక, పార ఇవన్నీ అనవసర వివరాలే కాబోలు. తీసేయను.

ఆరో రోజు

మాట ఓటుకి రహస్యం లేదు. రాయసం చేసేవాళ్ళు అడిగితే పేర్లవారీ జాబితా ఇవ్వాలి. ఎవరెవరు ‘వస్తా’ అన్నారో చూసి, వాళ్ళ గడప ముందు నిలబడి కడిగేద్దామని తెప్పించాను.

మొదట చౌడప్ప మామ పేరు వెతికాను. ‘వస్తా’. దస్తగిరమ్మ, ‘వస్తా’. పిల్లల మీద ఒట్టు పెట్టింది మహాతల్లి అని పళ్ళు నూరుకున్నాను. పేజీ తిప్పాను. ఆరో వరసలో నా పేరే ఉంది.

హనుమక్క, సుద్దగట్టు నడిమి కొట్టాల: ‘వస్తా’.

చాలాసేపు ఆ వరస మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నేను అనలేదు. పీక మీద కత్తి పెట్టినా అనను. నేను అనకుండానే నా పేరు పక్కన ఆ మాట ఉందంటే, మిగతావాళ్ళూ అబద్ధం చెప్పలేదన్నమాట. మొన్న అరుగు మీద అంతమందిని నోటికొచ్చినట్టు తిట్టినదాన్ని నేనే.

సాయంత్రం దస్తగిరమ్మ ఇంటికి పోయి తప్పయిందన్నాను.

"తప్పేముందక్కా, నువ్వు తిట్టకుంటే ఎవరు తిడతారు," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే మన గొంతు ఎవరు దొంగిలించినారు?" అని అడిగింది.

ఆ మూడు రోజుల రికార్డింగు కావాలని పంపాను.

తొమ్మిదో రోజు

గొంతు ఎవరూ దొంగిలించలేదు. అంతకంటే ఘోరం జరిగింది.

పొద్దుటినుంచి విన్నాను. ప్రతి రికార్డూ ఒకేలా మొదలవుతుంది. మనిషి రేకు మీదికి వస్తాడు, పేరు చెబుతాడు, నీళ్ళు పడతాయి. అవతల చౌడప్ప మామ మోటరు డబడబా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ రొదలో, బిందె నిండే సమయానికి, చెవులమ్మ చిన్న గొంతుతో అడుగుతుంది: "మీరు స్తంభనగరానికి నివాసానికి వస్తారా?" మోటరు చప్పుడుకి అది ఎవరి చెవినా పడలేదు. మనిషి బిందె ఎత్తుకుంటాడు, పోబోతూ చెవులమ్మ వైపు తిరిగి చెప్పాల్సిన మాట చెబుతాడు.

చౌడప్ప మామ: "సరే తల్లీ, వస్తా."

దస్తగిరమ్మ: "పిల్లోళ్ళు ఎదురు చూస్తాంటారు, వస్తా మల్లా."

నేను: "పొయ్యి మీద పప్పు ఉండాది చెవులమ్మా, వస్తా."

నమోదైంది, నమోదైంది, నమోదైంది.

‘రాను’ అన్న 209 మంది ఎవరో కూడా చూశాను. నీళ్ళు సన్నగా పడుతున్నాయని యంత్రం మీద అలిగి, రేపటినుంచి నీ దగ్గరికి రాను పో అని తిట్టినవాళ్ళు. ఏమీ అననివాళ్ళు చెప్పకుండా పోయిన మర్యాద తెలియని జనం. మర్యాద తెలిసిన ప్రతివాడూ ఊరు వదిలిపోతానని ఓటేసినట్టు లెక్క.

ఇక్కడ ఇంకో మాట రాయాలి, రాయకపోతే ఈ పుస్తకానికి నేను పనికిరాను. పదకొండేళ్ళ కిందట చెవులమ్మ వచ్చినప్పుడు జనం భయపడ్డారు. గోడలో దెయ్యం ఉందన్నారు, ఒకరిద్దరు రాళ్ళు వేశారు. వాళ్ళచేత మాట్లాడించే పని నాకప్పగించారు. కొట్టాల కొట్టాలకీ తిరిగి చెప్పాను: దాన్ని చుట్టమనుకోండి, వచ్చినప్పుడు పలకరించండి, పోయేటప్పుడు చెప్పి పోండి. నేను నేర్పించిన మర్యాదే ఇది. నా నోరు పడిపోను.

పదో రోజు

విశ్వంభర్ గారితో లైనులో మాట్లాడాను.

"సారూ, వస్తా అంటే పోతాండామని అర్థం," అన్నాను.

"వస్తా అంటే వస్తాననే కదమ్మా అర్థం," అన్నాడు.

"మీరు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మీ అమ్మతో ఏమంటారు?"

గొంతు సవరించుకున్నాడు. "అది వేరే విషయం. వ్యవస్థ ప్రశ్న అడిగింది, ఓటరు జవాబు చెప్పాడు. చివరి మాటనే ఓటుగా పరిగణిస్తాం. అది నియమం."

పసుపు తీర్పు సంగతి చెప్పాను. ఊరి వాడుకను బట్టి చూడాలని సభే చెప్పిందన్నాను. ఆ తీర్పు కాగితం ఓట్లకు గానీ మాట ఓట్లకు వర్తించదన్నాడు. కావాలంటే అభ్యంతరం పెట్టుకోవచ్చట. ఇరవై, ఇరవై ఒకటో రోజుల్లో ఓటర్లలో సగానికి పైన, అంటే 2,610 మంది, మళ్ళీ రేకు మీద నిలబడి ‘రాను’ అని చెప్పాలి.

"అప్పటిదాకా తరలింపు ఆపండి."

"ప్రక్రియ ఆగదమ్మా. మీరు చరిత్ర పంపితే బాగుంటుంది. రెండు పేజీలు."

లైను పెట్టేశాను. పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ నా నోట్లోంచి "వస్తా" అని రాబోయింది. నాలుక కొరుక్కున్నాను.

పద్నాలుగో రోజు

నిన్న వంకకింద కొట్టాలకి పోయే పైపు కోసేశారు. ఈ పొద్దు లారీలు వచ్చాయి. అక్కడి ఓటర్లు 312 మంది, పిల్లలు వేరే. నీళ్ళు లేకుండా ఇరవయ్యో రోజుదాకా ఎట్లా ఉంటారు? మిగతా కొట్టాల వాళ్ళం బిందెలతో మోసి ఇస్తామన్నాం. రెండు మైళ్ళు, ముసలివాళ్ళూ చంటిబిడ్డలూ. ఒక్కరోజు మోసేసరికి మా పని అయిపోయింది.

దస్తగిరమ్మ లారీ వెనక కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను, లేదు, మూటలోంచి నా రోకలి తీసి చూపించింది. పోయిన పండక్కి కారం దంచుకుంటానని పట్టుకుపోయిందది.

"నీ రోకలి నాకాడే ఉండాదక్కా. వచ్చినప్పుడు తెచ్చిస్తా."

"ఇప్పుడే ఇచ్చిపో మే," అన్నాను.

"ఇయ్యను. ఇస్తే మల్లా రానని నువ్వు అనుకుంటావు."

లారీ కదిలింది. అందరూ చేతులెత్తి ఒకే మాట అన్నారు, వస్తాం, వస్తాం అని. లారీ తలుపు పక్కన కూడా చిన్న చెవి ఉంది, దాని ఎర్రదీపం వెలిగి ఆరడం నేను చూశాను. అది కూడా ఆ మాటను రాసుకుంది. నడి రోడ్డు మీద నిలబడి ఆ లారీని, దాన్ని పంపినవాళ్ళని తిట్టాను. నాకు తెలిసిన తిట్లు చాలలేదు.

ఇరవై ఒకటో రోజు

అభ్యంతరం రోజులు అయిపోయాయి. రాయడానికి ఓపిక లేదు, కానీ రాస్తాను.

రెండు రోజులూ డిపో గడప దగ్గరే నిలబడ్డాను. వచ్చిన ప్రతివాడికీ చెప్పాను: మోటరు ఆపించాను, ప్రశ్న బాగా వినండి, ‘రాను’ అని గట్టిగా చెప్పండి, ఆ తర్వాత నోరు మూసుకుని గమ్మున బయటికి రండి. చివరి మాటే ఓటు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

మొత్తం 3,004 మంది వచ్చారు. ఎండలో నిలబడి, పని మానుకుని వచ్చారు. రేకు మీద నిలబడి ‘రాను’ అని ఎంత గట్టిగా చెప్పారంటే గోడలో చెవులమ్మ దీపం మినుకుమినుకుమంది. చెప్పి, తిరిగి, గడప వైపు ఒక అడుగు వేసి, మెడ వెనక్కి తిప్పి, "వస్తా తల్లీ" అన్నారు.

చౌడప్ప మామ కూడా అన్నాడు. అని, నా మొహం చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"మామా, ఇంతసేపు నా పక్కనే నిలబడి వింటివి కదా!"

"తెలిసీ వచ్చేసిందే. డెబ్భై ఏళ్ళ నోరు, నీ మాట వింటాదా?"

"పోనీ పోతా అనకూడదా? వస్తా కంటే అదే నయం."

ఆయన మొహం మారిపోయింది. "ఆ మాట అనమాకు. మా నాయన ఒకనాడు సంగటి కాడ కోపమొచ్చి పోతాండా అని గడప దాటినాడు. మల్లా మంచం మీదనే తెచ్చినారు. ఊరు పోయినా సరే, ఆ మాట నా నోటితో అనను."

నేను కూడా అనలేను. రేకు మీద నా వంతు వచ్చినప్పుడు రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని బయటికి నడిచాను. అందరూ చూసి నవ్వారు. నవ్వినవాళ్ళే లోపలికి పోయి వస్తా అనేసి వచ్చారు.

చివరి మాట ‘రాను’: 1,871. చివరి మాట ‘వస్తా’: 1,133. కావాల్సింది 2,610.

విశ్వంభర్ గారు లైనులో చాలా సౌమ్యంగా మాట్లాడాడు. "చూశారా, ప్రత్యేకంగా వచ్చి మరీ వెయ్యిమందికి పైగా మళ్ళీ ఒప్పుకున్నారు."

ఆ సౌమ్యం ఉందే, అది నా కడుపు మండిస్తుంది. అరిచేవాడితో పోట్లాడవచ్చు. ఈయన మన మాటనే తీసుకుని, మడత పెట్టి, మన చేతికే ఇస్తున్నాడు.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

"అయితే నలభయ్యో రోజున నేనే వచ్చి మీ బదులు పెడతాను. ఆ అధికారం నాకుంది. అక్కడి రేకు మీద నా గొంతు పోల్చుకుంటే చాలు."

ముప్పై ఎనిమిదో రోజు

ఈ మధ్య రోజుల్లో సభకి నాలుగు అర్జీలు పంపాను. నాలుగింటికీ ‘అందింది’ అని జవాబు వచ్చింది. రెండో లారీల వరస ఎల్లుండికే. కారం దంచుకోవడానికి రోకలి లేక గుండ్రాయితో నలుపుకుంటున్నాను, నలిపిన ప్రతిసారీ విశ్వంభర్ గారు గుర్తొస్తున్నాడు.

అయితే ఇవాళ ఒక పని చేశాను. చెవులమ్మ ప్రశ్నలో ఊరి పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. అందులో పేరు ఎక్కించే మీట రాయసం చేసేవాళ్ళ దగ్గరే ఉంటుంది, అభ్యంతరం రోజుల్లో నాకిచ్చారు, తిరిగి అడగలేదు. స్తంభనగరం అని ఉన్నచోట సుద్దగట్టు అని మార్చాను. ఇక ఎల్లుండి రేకు మీద ఎవరు నిలబడినా చెవులమ్మ అడిగే ప్రశ్న ఇది: "మీరు సుద్దగట్టుకి నివాసానికి వస్తారా?"

చౌడప్ప మామకి చెప్పాను.

"వాడు ఆడెక్కడో యాభయ్యో అంతస్తులో పుట్టి పెరిగినోడు. మన మాదిరి అంటాడా?"

"వాళ్ళమ్మ తెలుగామె కదా మామా. అంటాడు."

"అనకుంటే?"

"అనకుంటే మనం లారీ ఎక్కుతాం."

నలభయ్యో రోజు

విశ్వంభర్ గారు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ. గొంతులో ఉన్నంత దర్పం మనిషిలో లేదు. ఆయన బండి తలుపు చేతి పట్టీ చూపిస్తే తెరుచుకునే రకం. వెనక పది లారీలు నిలబడ్డాయి. ఆరు కొట్టాల జనం మూటలతో డిపో ముందు కూర్చున్నారు. ఎవరూ గొడవ చేయలేదు, నేనే వద్దన్నాను.

పుస్తకం బల్ల మీద పెట్టాను. ఆయన రేకు ఎక్కి పేరూ హోదా చెప్పాడు, చెవులమ్మ గొంతు పోల్చుకుంది. రేకు మీద నిలబడే పుస్తకం అందుకుని నా బదులు సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదాడు కూడా.

చౌడప్ప మామ మోటరు వేశాడు. డబడబా మొదలైంది.

"ఏం చేస్తున్నారు?" అని అరిచాడు విశ్వంభర్ గారు.

"ఆఖరి బిందెలు సారూ. తాళం వేసేలోపల పట్టుకుంటాం," అన్నాడు మామ.

ఆయన తలూపాడు. పాపం, అంతమాత్రం జాలి ఉంది. ఆ రొదలో చెవులమ్మ పెదవి కదిపినట్టు దీపం వెలిగింది. ఏమడిగిందో నాకు తెలుసు కాబట్టి నాకు వినిపించింది. ఆయనకి వినిపించలేదు.

"ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో నాయనా," అన్నాడు మామ.

"వద్దండీ, ఆలస్యమైంది," అని ఆయన రెండు చేతులూ జోడించాడు. నా వైపు తిరిగాడు. అమ్మ నేర్పిన మర్యాద ఎక్కడికి పోతుంది?

"సరేనమ్మా, వస్తాను."

"నమోదైంది," అంది చెవులమ్మ.

మామ మోటరు ఆపేశాడు. విశ్వంభర్ గారు గడప దాటి బండి దగ్గరికి పోయి చేతి పట్టీ చూపించాడు. తలుపు తెరుచుకోలేదు. ఇంకోసారి చూపించాడు. బండి చెప్పింది: మీరు సుద్దగట్టు నివాసానికి ఒప్పుకున్నారు, స్తంభనగరంలో మీ గది రద్దయింది, తరలింపు లారీలో మీ వంతు వచ్చేదాకా వేచి ఉండండి.

ఆయన తిరిగి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "నేను ఒప్పుకోలేదు. నన్ను ఎప్పుడు అడిగారు?"

"మమ్మల్ని అడిగినప్పుడు మేమూ అదే అన్నాం సారూ."

"అది సెలవు తీసుకుంటూ అన్న మాట!"

"చివరి మాటే ఓటు. నియమం మీదే."

రికార్డు వినిపించాను. తన గొంతు తాను రెండుసార్లు విన్నాడు. అరుగు మీద కూర్చుండిపోయాడు. మామ మజ్జిగ చెంబు అందిస్తే ఈసారి కాదనలేదు.

పుస్తకం ఆయన ముందు పెట్టి, ఆ మాటకి అర్థం ఏమిటో మీ చేత్తో మీరే రాయండి అన్నాను. రాస్తే మీ గది మీకు తిరిగొస్తుంది, మా ఓట్లు మాకు తిరిగొస్తాయి. రాయకపోతే నడిమి కొట్టాలలో మా ఇంటి పక్క గది ఖాళీగా ఉంది, దుమ్ము దులిపి ఇస్తాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి రాశాడు. ఆ వరసలు ఉన్నవి ఉన్నట్టు:

‘వస్తాను అనే మాట సెలవు తీసుకునేటప్పుడు అన్నది. ఈ ప్రాంతపు వాడుకలో దానికి అర్థం: ప్రస్తుతం వెళ్తున్నాను, తిరిగి ఇక్కడికే వస్తాను. అది తరలింపుకి సమ్మతి కాదు.’

కింద పేరు, హోదా, తేదీ. తన మొదటి సంతకాన్ని తనే కొట్టేశాడు. లారీలు ఖాళీగా వెనక్కి తిరిగాయి. జనం మూటలు విప్పుకోవడం మొదలుపెట్టారు.

నేను పుస్తకం మూయలేదు.

"వంకకింద కొట్టాల వాళ్ళ సంగతేంది?" అన్నాను.

"వాళ్ళు అక్కడి జాబితాలో చేరిపోయారమ్మా. తిరిగి రావాలంటే వాళ్ళ సమ్మతి వేరేగా కావాలి. కొత్త ఓటింగు. సభ అనుమతి. చాలా నెలలు..."

"సమ్మతి ఉంది. లారీ తలుపు దగ్గర చెవి ఉంది కదా, తీసి వినండి. లారీ కదిలేటప్పుడు అందరూ వస్తాం అన్నారు." ఆయన రాసిన వరస మీద వేలు పెట్టాను. "దానికి అర్థం మీరే రాసినారు. తిరిగి ఇక్కడికే వస్తాం అని."

ఆయన ఆ వరస చదివాడు. మళ్ళీ చదివాడు. సభ ముందు పెడతానన్నాడు, గొంతు చాలా చిన్నగా ఉంది. లేచి గడప దాకా పోయాడు, వెనక్కి తిరిగాడు, నోరు తెరిచాడు. రేకునీ చెవులమ్మనీ చూసి నోరు మూసుకున్నాడు. ఈసారి చేతి పట్టీ చూపిస్తే తలుపు తెరుచుకుంది, ఏమీ అనకుండా బండెక్కాడు.

"చెప్పకుండా పోయినాడే," అన్నాడు చౌడప్ప మామ బాధగా.

నలభై ఒకటో రోజు

చరిత్ర రెండు పేజీల్లో అడిగారు. నలభై పేజీలు అయింది. పసుపూ వంకా పారా అన్నీ ఉన్నాయి. చివరి పేజీ రాస్తున్నాను.

సుద్దగట్టు నియోజకవర్గం, సంఖ్య 61. తరలింపు ఓటు: చెల్లదు. డిపోలో నీళ్ళు వస్తున్నాయి. ఈ పొద్దున నీళ్ళకు పోయి, పట్టుకుని, చెవులమ్మ వైపు చూడకుండా తిరిగొచ్చాను. పదకొండేళ్ళలో మొదటిసారి. నాకు తప్పుగానే అనిపించింది, ఆ తప్పుగా అనిపించినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

ఇక్కడ సంతకం పెడితే ఫలితం పూర్తయినట్టు. విశ్వంభర్ గారు పొద్దుటినుంచి మూడుసార్లు లైనులో అడిగాడు, పెట్టండి, అందరికీ మంచిది అని. పెట్టను. కింద రెండు గళ్ళు గీశాను, రెండోది నిండాక పెడతాను.

వంకకింద కొట్టాల. ‘వస్తాం’ అన్నవాళ్ళు: 312.

వచ్చినవాళ్ళు: